ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి?

మా వీధి పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా నన్ను చుట్టుముట్టి అడిగేది ఒకటే. "అవ్వా, జర్మన్‌లో ఏమన్నా మాట్లాడు." నేను బెట్టు చేయను. గొంతు సవరించుకుని, "వో టూట్ ఎస్ వే? జైట్ వాన్?" అంటాను. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని దానర్థం. వాళ్లు పడీపడీ నవ్వుతారు. నీ పేరేమి, ఎట్లున్నావు అని అడగడం రాదా అంటారు. ఎందుకు రాదు? జర్మన్ తర్వాత ఫ్రెంచి పట్టాను, రష్యన్ పట్టాను, డెబ్భై దాటాక జపాను అక్షరాలు మొదలుపెట్టి కోడలి చేత చీవాట్లు కూడా తిన్నాను. కానీ నోరు తెరిస్తే ముందు వచ్చేవి ఆ రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలతో మొదలుపెట్టి ఒకసారి ఒక ఊరికి నీళ్లు తెప్పించాను. ముసలిది గొప్పలు పోతోంది అనుకుంటారేమో. గొప్పే మరి, చెప్పుకోనీయండి.

నేను పుట్టింది గుమ్మఘట్ట దగ్గర ఒక పల్లెలో. పల్లెలో అనడం కూడా తప్పే, పల్లెకు దిగువన ఉన్న వాడలో. ఊరి బావి మేము ముట్టకూడదు, మేము ముట్టిన నీళ్లు ఊరివాళ్లు తాగరు. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్లు, ఆదివారం చర్చికి పోయేవాళ్లు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బట్టలు కుట్టే సాయిబు అరుగు మీద ఉర్దూ. ఇవి మూడు వేరు వేరు భాషలని బడికి పోయేదాకా నాకు తెలియనే తెలియదు. మనిషిని బట్టి మాట మార్చుకోవాలని మాత్రం తెలుసు. అట్లా మార్చుకున్నప్పుడు ఎదుటి మనిషి మొహం విప్పారుతుంది చూడండి, ఆ రుచి మరిగాను. ఇప్పటికీ వదల్లేదు.

బడి చదువు కాగానే ఒక మిషన్ ఆస్పత్రిలో వార్డు పనికి కుదిరాను. యాభైల మాట అది. అక్కడ జర్మనీ నుంచి వచ్చిన పెద్ద నర్సమ్మ ఒకామె ఉండేది. తెలుగు నేర్చుకునే వచ్చింది కానీ, పుస్తకంలో తెలుగు. 'నొప్పి' అనే ఒక్క మాట పట్టుకుని వచ్చింది పాపం. మావాళ్లకు నొప్పి ఒక్కటేనా? తలపోటు, పంటి సలుపు, కడుపులో మంట, కాళ్ల పీకులు, నరాల గుంజుడు, చెవిలో జివ్వుమనడం! ఏది ఏదో తెలియక ఆమె తికమకపడేది. నేను ఒళ్లు పట్టుకుని, మొహం వికారంగా పెట్టి, ఒక్కొక్క నొప్పినీ ఆడి చూపించేదాన్ని. నేను సలుపు ఆడుతుంటే వార్డులో రోగులు తమ రోగం మర్చిపోయి నవ్వేవాళ్లు. బదులుగా ఆమె నాకు తన భాష నేర్పింది. అందుకే నా జర్మన్ అంతా ఆస్పత్రి జర్మన్. నాలుక చాపు, గట్టిగా ఊపిరి తీయి, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి.

రోగులకూ ఆమెకూ మధ్య మాటలు మోసేది నేనే. ఒకరోజు పుండుకు మందు పోస్తుంటే ఒక రైతు మంటకు తట్టుకోలేక ఆమె వంశాన్ని మొత్తం తిట్టిపోశాడు. ఏమంటున్నాడని ఆమె అడిగింది. "మంటగా ఉందంటున్నాడు" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "అంత పొడుగు మాటకు ఇంత పొట్టి మాటా?" అంది. పని అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "మాట మోసేవాళ్లు ఉప్పు తగ్గించకూడదు, తీపి కలపకూడదు. వాళ్లు 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. నువ్వు మెత్తగా చేస్తే నేను తప్పు మందు వేస్తాను." సరే తల్లీ అని, ఆ రైతు తిట్లన్నీ మొదటి నుంచి చివరి దాకా జర్మన్‌లో ఆమెకు అప్పజెప్పాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నా చదువులో అదే పెద్ద పాఠం.

ఆమె తన దేశం వెళ్లిపోయాక నేను టైపు నేర్చుకుని అనంతపురంలో బోర్లు వేయించే ఆఫీసులో టైపిస్టుగా చేరాను. జర్మన్ మాట్లాడడానికి మనిషి లేక మా ఇంటి మేకలతో మాట్లాడేదాన్ని. నాలుక చాపమంటే అవి మాత్రం చాపేవి. ఆఫీసులో మా హెడ్‌గుమాస్తాకు ఇదొక వేళాకోళం. నేను మధ్యాహ్నం అన్నం తిని జర్మన్ పుస్తకం తీయగానే మొదలుపెట్టేవాడు.

"ఏమ్మా, ఈ బాస నేర్చి యాడికి పోతావు? మన సంతలో ఎవురన్నా జర్మనీలో వంకాయలు బేరం చేస్తాండారా?"

"రేపు చేస్తే మీరు నోరెళ్లబెట్టకండి సార్" అనేదాన్ని.

అరవైలలో వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం వచ్చింది. బావులు అడుగంటాయి. అప్పుడే సాయం కింద విదేశీ బోరు మిషన్ ఒకటి జిల్లాకు వచ్చింది, దాన్ని నడిపే జర్మన్ ఒకడు దానితో పాటే వచ్చాడు. తలుపులో పట్టనంత మనిషి. ఎర్రటి మెడ, పెద్ద గొంతు, ఇంగ్లీషు అరకొర. ఆయనకూ ఊళ్లవాళ్లకూ మధ్య మా ఇంజినీరుగారు ఇంగ్లీషులో మాట్లాడేవారు. ఏ రోజు పని ఆ రోజే టైపు చేసి పంపాలి కాబట్టి నన్నూ టైపు మిషన్‌నూ జీపులో వేసుకుని తీసుకుపోయేవారు. జర్మన్ మనిషి వచ్చాడు, ఇక నీ పంట పండింది అంటారేమో. ఒక్క ముక్క మాట్లాడలేదు నేను. ఆయన నన్ను చూస్తే తల ఊపేవాడు, నేనూ ఊపేదాన్ని. రోగం లేని మనిషితో జర్మన్‌లో ఏం మాట్లాడాలో నాకు తెలియదు కదా!

మా ఇంజినీరుగారు గోదావరి ప్రాంతం మనిషి. అంత మంచివారిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు. నాకు జ్వరం వస్తే తన ప్లాస్కులో కాఫీ నాకిచ్చి తాను మంచినీళ్లు తాగిన మనిషి. ఎవరి మనసూ నొప్పించలేరు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లు అటు వాళ్లకు ఇటు మంచి, ఇటు వాళ్లకు అటు మంచి చెబుతారు చూడండి, ఆయన ఇంజినీరు పని కూడా అదే పద్ధతిలో చేసేవారు.

తాడిపత్రి దారిలో ఒక ఊళ్లో ఈ పద్ధతి మా పీకల మీదికి వచ్చింది. ఆ ఊరి బావులన్నీ ఎండిపోయి, జనం దూరాన ఉన్న ఏటికి పోయి ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరే కొద్దిపాటి నీళ్లు ముంతలతో తోడుకుంటున్నారు. మిషన్ ఊరి నడుమ, ఊరిపెద్ద చూపించిన చోట నిలబెట్టారు. టెంకాయ కొట్టారు, పసుపూ కుంకుమా పెట్టారు. రెండు రోజులు కొట్టినా తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ లేదు. మూడో రోజు సాయంత్రానికి మిషన్ వేరే తాలూకాకు పోవాలి.

ఆ మూడో రోజు పొద్దున జర్మన్ దొర తన అరకొర ఇంగ్లీషులో ఇంజినీరుగారితో గట్టిగానే అన్నాడు, ఇక్కడ నీళ్లు లేవు, కింద ఆ కానుగ చెట్ల దగ్గర వేద్దామని. ఆ కానుగ చెట్లున్నది వాడలో. అంత ఎండలోనూ అవి పచ్చగా ఉన్నాయి. ఇంజినీరుగారు ఊరిపెద్ద వైపు తిరిగి, "దొరగారు ఇంకో చోటు కూడా ఆలోచిస్తే బాగుంటుందంటున్నారండి" అన్నారు. ఊరిపెద్ద మాట కటువు, మనిషి మరీ చెడ్డవాడు కాదు. "యాడ? వాడలోనా? కుదిరే పని కాదు. ఈడనే కొట్టమనప్పా" అన్నాడు. ఇంజినీరుగారు దొర వైపు తిరిగి, ఊరివాళ్లు మీ మీద ఎంతో నమ్మకంతో ఉన్నారు, ఇంకొంచెం ఇక్కడే ప్రయత్నించమని కోరుతున్నారు అన్నారు. దొర మళ్లీ మిషన్ ఎక్కాడు. ఆడవాళ్లు నీళ్లు వచ్చేస్తాయని ఖాళీ బిందెలు వరసగా పెట్టుకుని కూర్చున్నారు.

నేను వేపచెట్టు కింద టైపు మిషన్ ముందు కూర్చున్నాను. బోరు మిషన్ ఆపినప్పుడల్లా దొర తనలో తాను జర్మన్‌లో తిట్టుకోవడం నాకు వినబడుతూనే ఉంది. ఇది చచ్చిన రాయి, ఈ మనుషులకు నిజం అక్కర్లేదు, సాయంత్రం దాకా కొట్టి పోతాను, నాకేం. ఆ బిందెలను చూస్తూ ఈ మాట వినడం నా వల్ల కాలేదు. కడుపులో మంట అంటారే, అది.

అప్పుడే ఊరిపెద్ద తల్లి కర్ర పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. వంగిపోయిన అవ్వ. కళ్లు మాత్రం సూదుల్లాగా ఉన్నాయి.

"ఏం పాపా, ఆ దొర గొణుగుతాంటే నువ్వు మొగం మార్చుకుంటాండావు. నీకు తెలుస్తాండాది. ఏమంటాండాడు? నిజం చెప్పు. మీ సారు మాట తియ్యగా ఉండాది, నాకు నమ్మబుద్ధి కాలేదు."

నేను ఇంజినీరుగారి వైపు చూశాను. ఆయనకు అర్థమైపోయింది. దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నారు. "అమ్మాయీ, వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు. ఇక్కడ గొడవైతే మిషన్ ఇప్పుడే తీసుకుపోతారు. నీ ఇష్టం."

"సార్, అబద్ధాలు వెయ్యి దాటినాయి, పెళ్లి కాలేదు" అన్నాను. ఆయన నాకు దారి ఇచ్చి పక్కకు నిలబడ్డారు. చాలామంది పెద్ద ఉద్యోగులు చేయలేని పని అది. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మిషన్ దగ్గరికి పోయాను. దొర పైనుంచి చూశాడు. ఇన్నేళ్లు మేకల ముందు అప్పజెప్పిన పాఠాలన్నీ ఎగిరిపోయాయి. చివరికి నోటికి వచ్చింది ఒక్కటే. "వో టూట్ ఎస్ వే? జైట్ వాన్?"

ఆయన చేతిలో పానా కింద పడింది. మిషన్ ఆపేశాడు. అంతటి చప్పుడు ఒక్కసారిగా ఆగేసరికి ఊరంతా మా వైపు తిరిగింది. ఆయన దిగి వచ్చి, నా ముందు మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, "మా అమ్మమ్మలాగా మాట్లాడుతున్నావే!" అన్నాడు. తర్వాత నేల మీద కాలితో తట్టి, "ఇక్కడ నొప్పి లేదు. ఇక్కడ ప్రాణమే లేదు. ప్రాణం అక్కడ ఉంది" అని కానుగ చెట్ల వైపు చూపించాడు. ఆ తర్వాత మాకు ఆగింది లేదు. నాకు రాళ్ల మాటలు రావు, ఆయనకు ఆస్పత్రి మాటలు వస్తాయి. కాబట్టి భూమిని రోగిని చేసి మాట్లాడుకున్నాం. రాయికి పగుళ్లు ఎక్కడున్నాయో, పైన చర్మం ఎంత మందమో, లోపల నరం ఎటు పోతుందో. నాకు తెలిసిన జర్మన్ అంతా ఆ పూట పనికొచ్చింది.

ఊరిపెద్ద వచ్చాడు, జనం మూగారు. నేను ఇద్దరి మధ్య నిలబడ్డాను. ముందే చెప్పాను, ఎవరు ఏమంటే అదే చెబుతాను, ఉప్పు తగ్గించను, తీపి కలపను అని. దొర చెప్పాడు, నేను మా సీమ తెలుగులో చెప్పాను.

"ఈడ రాయి సచ్చిన రాయి. ఇంకా కొడితే నా మిషన్ పోతాది, మీకు చుక్క రాదు. నీళ్లు ఆ వాడలో, కానుగ చెట్లకాడ ఉండొచ్చు. మాటియ్యను. వేయనిస్తే ఇప్పుడే వేస్తా. లేదా సాయంత్రం పోతా, మళ్లీ రాను."

జనం గుసగుసలు మొదలయ్యాయి. వరసలో కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. మూడు రోజుల్లో మొదటిసారి వాళ్లు అసలు మాట విన్నారు. ఊరిపెద్ద మొహం ఎర్రబడింది.

"ఆడ బోరేస్తే మా ఆడోళ్లు నీళ్లకు వాడకు పోవల్లనా? పోరు. వాళ్లు ముట్టిన నీళ్లు మేము తాగము. ఇదే మాట చెప్పు దొరకు."

చెప్పాలి. నర్సమ్మ నేర్పిన పద్ధతిలో చెప్పాలి. నేను వాడలో పుట్టిన దాన్ని, మా అమ్మ ఊరి బావి గట్టుకు ఇవతల నిలబడి ఎవరైనా పోస్తారా అని ఎదురు చూడడం కళ్లారా చూసిన దాన్ని. నా నోటితో, ఇంత ఇష్టంగా నేర్చుకున్న భాషలో, "వాళ్లు ముట్టిన నీళ్లు మేము తాగము" అన్నాను. ఏడవకుండా అన్నాను. నా ఉద్యోగంలో అంత కష్టమైన వాక్యం ఇంకోటి లేదు.

దొర నన్నూ ఊరిపెద్దనూ మార్చి మార్చి చూశాడు. అర్థం కాలేదు ఆయనకు. ఒకే ఒక్క మాట అడిగాడు. "వరూమ్?"

ఇంజినీరుగారు గబుక్కున, "అది అడగొద్దమ్మా" అన్నారు. కానీ అడిగింది నేను కాదు కదా. ఊరిపెద్ద వైపు తిరిగి, ఆ ఒక్క మాటనూ ఒక్క మాటగానే ఇచ్చాను. "ఎందుకు?"

ఆ ఊళ్లో ఆ ప్రశ్న నలుగురిలో ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. అడిగితే దెబ్బలు పడేవి. పరాయి దేశపోడు అడిగాడు, మధ్యలో నేను మోశాను, ఎవరిని కొడతారు? ఊరిపెద్ద చుట్టూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు. అప్పుడు వెనక నుంచి కర్ర చప్పుడు వినబడింది.

"యెందుకో నేను చెప్తా" అంది అవ్వ. "మా అత్త తాగలేదు, మా అమ్మ తాగలేదు, అందుకు. అంతకు మించి ఈడ యెవురికీ తెలీదు. ఒరే నాయనా, నిన్న ఏట్లో నా చెలమ ఊరలేదు. పొద్దు పోతాంది. ఆ వాడ పిల్ల ఒకతి తన చెలమలో తోడి నా కుండ నింపింది. ఆ నీళ్లతోనే నీ పెండ్లాము సంగటి కెలికింది. నేను తింటి, నువ్వూ తింటివి. బాగుండాదని ఇంకో ముద్ద అడిగితివి. సచ్చినావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది, ఒకరి నుంచి ఇంకొకరికి పాకింది. ఊరిపెద్ద తల దించుకుని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అమ్మ అన్నంక నేనేం చెప్పేది. వేయమనప్పా" అని గొణిగాడు. నేను దొరకు అంతా చెప్పాను, సంగటి ముద్దతో సహా. సంగటికి జర్మన్ నాకు రాదు, చేతులతో కెలికి చూపించాను.

వాడలో బోరు దిగుతుంటే తెల్లటి పొడి నల్లబడింది, తర్వాత ముద్దగా వచ్చింది, పొద్దు వాలే వేళకు కానుగ చెట్ల కొమ్మల దాకా బురద నీళ్లు ఎగిరాయి. జనం కేకలు మీకు వర్ణించలేను. మా ఇంజినీరుగారు తడిసిన చొక్కాతో నా దగ్గరికి వచ్చి, "ఇక నుంచి నేను మాట్లాడేటప్పుడు నువ్వు పక్కనే ఉండు, నేను తీపి కలిపితే దగ్గు" అన్నారు. తర్వాత ఏళ్లలో చాలాసార్లు దగ్గాను. మా హెడ్‌గుమాస్తా సంగతి విని, మర్నాడు నేను పుస్తకం తీస్తే బల్ల మీద దుమ్ము తానే తుడిచాడు. అన్నీ ఒక్కరోజులో మారిపోయాయని మాత్రం చెప్పను. ఆ ఊళ్లో కొన్ని ఇళ్లవాళ్లు ఆ ఎండాకాలం అంతా ఏటికే పోయారట. మరుసటి ఏడాది ఎండ వాళ్ల చేత మానిపించింది.

కానీ ఆ సాయంత్రం ఇంకా కాస్త మిగిలి ఉంది. బోరు పక్క గుంటలో నిలిచిన నీళ్లు తేటపడ్డాక, ముందు ఎవరు పట్టుకోవాలో తెలియక ఊరివాళ్లు ఒక వైపు, వాడవాళ్లు ఒక వైపు నిలబడిపోయారు. అవ్వ కర్ర ఊపి నన్ను పిలిచింది.

"పాపా, దొర మాట ఎట్ల నేరుగా చెప్తివో అట్లనే చెప్పు. నువ్వు ఏ వాడదానివి?"

దాచడానికి ఏముంది? "ఇట్లాంటి వాడదాన్నే అవ్వా" అన్నాను. పైకి అందరూ వినేటట్టే అన్నాను.

అవ్వ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. పక్కనున్న ఆమె చేతిలోంచి చెంబు లాక్కుని నా చేతిలో పెట్టి, తన రెండు చేతులూ దోసిలి పట్టింది. "సరే. దప్పికైతాంది, పొయ్యి" అంది. నేను చెంబు ముంచి పోశాను. ఊరంతా చూస్తుండగా తాగింది, గడ్డం మీదుగా కారుతున్నా ఆపకుండా తాగింది.

ఆమె ఏమంది అని దొర అడిగాడు. ఉప్పు తగ్గించకుండా, తీపి కలపకుండా, 'నేను' అని చెప్పాను. "నాకు దప్పిక అవుతోంది, పొయ్యి."

అంత చిన్న మాటకు నా కళ్లలో నీళ్లెందుకో ఆయనకు తెలియలేదు. నన్ను నవ్వించాలని, పొద్దున నేను అడిగిన మాటనే, ఆస్పత్రి నర్సులాగా నడుము మీద చేతులు పెట్టుకుని, నాకే అప్పజెప్పాడు. ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచి?

"ఎక్కడా లేదు" అన్నాను జర్మన్‌లో. "ఇప్పటి నుంచి."